కల్పిత దేశంలో పది కథలు రాశాను, నవలగా నిలబడటం లేదు. ముడి ఎక్కడ వేయాలి?

తెల్లకాగితం:

నమస్కారం. సరెన్యా అనే కల్పిత దేశంలో జరిగే పది కథలు పూర్తయ్యాయి. మొత్తం 58,000 పదాలు. దేశం జనాభా 40 లక్షలు. ఉత్తరాన కొండలు, మధ్యలో ఒమ్రా నది, దక్షిణాన సముద్రం. రాజధాని ఒల్తానా. రాజరికం పోయి గణతంత్రం వచ్చిన ఏడాదిని ఒకటిగా పెట్టుకుని వాళ్లు సంవత్సరాలు లెక్కిస్తారు.

ఇప్పుడున్న వరుస కాలక్రమమే:

1. కెబ్రా కనుమలో సుంకం చౌకీ గుమస్తా (3వ ఏడు)
2. ఒమ్రా మీద వంతెన కట్టే మేస్త్రీ (9)
3. ఉన్నట్టుండి కొత్త భాషలో పాఠం చెప్పాల్సి వచ్చిన పంతులమ్మ (12)
4. రైల్వే సమ్మె (17)
5. జైల్లో ఖైదీల ఉత్తరాలు అనువదించే ఉద్యోగి (19)
6. వంతెన కూలి భర్త పోయిన ఆమె పింఛను కోసం తిరగడం (24, వంతెన కూలింది 23లో)
7. ఉప్పు గని (27)
8. రేడియోలో వార్తలు చదివే ఆయన (31)
9. సరిహద్దు మళ్లీ కొలిచే సర్వేయర్లు (36)
10. దేశం విడిచిపోయినవాడు తిరిగి రావడం (41)

గుమస్తాకి మొదటి కథలో 22 ఏళ్లు. 5లో అతనే మళ్లీ వస్తాడు. 10లో తిరిగొచ్చినవాడి కాగితాల మీద ముద్ర వేసేదీ అతనే. మిగతా కథలకు దేశం తప్ప వేరే సంబంధం లేదు. చదివినవాళ్లంతా "విడివిడిగా బాగున్నాయి, సంపుటి చదివినట్టుంది" అంటున్నారు. నాకు కావలసినది నవల.

అడగాలనుకున్నవి: కథల్ని కలపడానికి ఇంకేం కావాలి? దేశం వివరాలు ఒక కథకీ ఇంకో కథకీ తేడా రాకుండా ఎలా చూసుకోవాలి? పటం, పదకోశం పెట్టాలా? వరుస మార్చాలా?

చిత్తుప్రతి:

మీ చదువరులు సరిగ్గానే పట్టుకున్నారు. ఒకే దేశం, మూడు చోట్ల కనిపించే ఒకే గుమస్తా కథల్ని పక్కపక్కన కూర్చోబెట్టగలవు కానీ కలపలేవు. ముందు చదివిన కథ వల్ల తర్వాతి కథకు అర్థం మారినప్పుడే అది నవల అవుతుంది.

దీనికొక పరీక్ష ఉంది. ఆరో కథ తీసి పక్కన పెట్టి మిగతా తొమ్మిదీ చూడండి. ఏ ఒక్క వాక్యమైనా పలచబడిందా? పలచబడకపోతే ఆ కథ పుస్తకంలో అద్దెకుంటున్నట్టే. పదింటికీ ఇదే చేయండి. మీరిచ్చిన వివరాల్ని బట్టి నాలుగో కథ, ఏడో కథ ముందు తేలిపోతాయని నా అంచనా.

ఇక కలపడం ఎలాగంటే, పాత్రకు తెలియనిది పాఠకుడికి తెలిసి ఉండాలి, అదీ ఇంకో కథ చదవడం వల్ల తెలిసి ఉండాలి. మొదటి కథ మినహా ప్రతి కథలోనూ అలాంటి చోటు కనీసం ఒకటి రావాలి. మీ దగ్గర సరుకు ఉంది, వాడుకోలేదు. వంతెననే తీసుకోండి. నది మధ్య స్తంభాలు మామూలు రోజుల్లో బరువుకు కూలిపోవు. వరదప్పుడు నీళ్లు స్తంభం చుట్టూ సుడి తిరిగి అడుగున ఉన్న ఇసుకను తోడేస్తాయి. ఎంత లోతుదాకా తోడేయగలవో లెక్కగట్టి, పునాదిని అంతకన్నా కిందికి దించాలి. కాంట్రాక్టరు 9 మీటర్లు దించాల్సిన పునాదిని 6 దగ్గర ఆపించి, బిల్లు మాత్రం 9కి రాయించుకున్నాడనుకోండి. పైనుంచి చూస్తే ఏ తేడా కనబడదు. పద్నాలుగేళ్లు బండ్లూ లారీలూ దాని మీద తిరుగుతూనే ఉంటాయి. పెద్ద వరద వచ్చిన ఏడు బయటపడుతుంది. ఆరో కథలో పింఛను ఆఫీసువాళ్లు "ప్రకృతి వైపరీత్యం, నష్టపరిహారం వర్తించదు" అని రాస్తారు. ఆమెకు నిజం తెలియదు, అక్కడి గుమస్తాకూ తెలియదు. ఆ ఆఫీసులో నిజం తెలిసి నిలబడ్డవాడు పాఠకుడొక్కడే.

ఇక్కడ చాలామంది చెడగొట్టేది ఏమిటంటే, ఆరో కథలో మేస్త్రీని తెచ్చి నిజం చెప్పించేస్తారు. చెప్పించగానే పాఠకుడి బరువు దిగిపోతుంది, కథ పంచాయతీ అయిపోతుంది. చెప్పించకండి.

ఇలాంటి తీగలు ఎన్ని ఉండాలి? పది కథలకు మూడు లేదా నాలుగు. ఒక్కో తీగ మూడు కథల్ని తాకితే చాలు. అంతకు మించితే దేశం కుంచించుకుపోతుంది. 40 లక్షల మంది ఉన్న చోట ఆ పన్నెండు మందే ఒకరికొకరు తగులుతుంటే అది పల్లెటూరు. మనుషులు కలవక తప్పని చోట్లలోనే కలపండి: చౌకీ, ఆసుపత్రి వార్డు, రైలు, జైలు, బడి. అక్కడైతే యాదృచ్ఛికం అనిపించదు.

పాత్ర మళ్లీ కనిపించేటప్పుడు పాత పరిచయం చెప్పుకుంటూ రాకూడదు. వేరేవాళ్ల కళ్లతో, నాలుగైదు వాక్యాల్లో, వీలైతే తప్పుగా అర్థమై కనిపించాలి. సమ్మె కథలో మీరు ప్రేమతో రాసిన నాయకుడు జైలు కథలో అనువాదకుడికి వట్టి పొగరుబోతు ఖైదీ. అది చాలు.

నవలా, సంపుటా అన్న పేచీ కొత్తదేమీ కాదు. అమెరికన్ రచయిత ఫాక్నర్ 'గో డౌన్, మోజెస్' 1942లో వచ్చినప్పుడు ప్రచురణకర్తలు పేరు చివర "మరికొన్ని కథలు" అని తగిలించారు. ఆయన అది నవలేనన్నాడు. తర్వాతి ముద్రణలో ఆ తోక తీసేశారు. అట్ట మీద ఏం రాస్తారో మీ చేతిలో లేకపోవచ్చు. ఆరో కథ తీస్తే పుస్తకం కుంటుతుందా లేదా అన్నది మాత్రం మీ చేతిలోనే ఉంది.

పొల్లు:

కలపడం గురించి చిత్తుప్రతి గారు చెప్పేశారు కాబట్టి నేను వివరాల సంగతి చూస్తాను. ముందు మీ గుమస్తా. 3వ ఏట 22 అంటే 41వ ఏట 60. మీ దేశంలో ప్రభుత్వోద్యోగి ఎన్నేళ్లకు దిగిపోతాడు? 55 అయితే 36వ ఏటే ఇంటికి వెళ్లిపోయి ఉంటాడు. పదో కథలో ముద్ర వేయడానికి అతనక్కడ ఉండడు. మార్గాలు రెండు: మొదటి కథలో వయసు తగ్గించి 16 ఏళ్ల బంట్రోతుని చేయడం, లేదా పదో కథలో అతన్ని కిటికీకి ఇవతలి పక్క, వరుసలో నిలబెట్టడం. రెండోదే నాకు నచ్చింది. ముద్రలు వేసిన మనిషి ముద్ర కోసం నిలబడతాడు.

ఇలాంటివి చదువుతూ పట్టుకోవడం కష్టం, పట్టికలో ఇట్టే దొరుకుతాయి. ఒక స్ప్రెడ్‌షీట్ తెరవండి. అడ్డంగా సంవత్సరాలు 1 నుంచి 41, నిలువుగా పేరున్న ప్రతి మనిషీ. గడిలో ఆ ఏటికి వయసు. పైన ఒక వరుసలో దేశానికి జరిగినవి: యుద్ధం, వంతెన, భాషా చట్టం, సమ్మె, వరద. పిల్లల్ని కన్నవాళ్ల వయసులు, సైన్యంలో చేరినవాళ్ల వయసులు, తాతల జ్ఞాపకాలు అన్నీ దీంతో సరిపోల్చుకోవచ్చు.

రెండో పట్టిక దూరాలది. "మర్నాటికి చేరుకున్నాడు" అని రాసే ముందు లెక్క వేయండి. నడిచేవాడు రోజుకు 25 నుంచి 30 కిలోమీటర్లు పోతాడు, బరువుతో ఉన్న ఎద్దుబండి 20 దాకా. ఒల్తానా నుంచి కనుమకు 260 కిలోమీటర్లు అనుకుందాం. రైలుకు మైదానంలో 180 కిలోమీటర్లు గంటకు 45 చొప్పున 4 గంటలు. కొండెక్కే 80 కిలోమీటర్లు గంటకు 20 చొప్పున ఇంకో 4. ఇంజను మార్చడానికో గంట. పొద్దున ఆరింటికి ఎక్కినవాడు మధ్యాహ్నం మూడింటికి దిగుతాడు. మీ దేశం 45 డిగ్రీల అక్షాంశం దగ్గరుంటే నడి చలికాలంలో పగలు 8 గంటల 45 నిమిషాలే. అంటే దిగిన గంటన్నరకల్లా చీకటి. మండు వేసవిలో అదే పగలు పదిహేనున్నర గంటలు. ఈ రెండు అంకెలూ తెలిస్తే సగం సన్నివేశాలు వాటంతటవే సర్దుకుంటాయి.

డబ్బుకు కూలిని కొలమానంగా పెట్టుకోండి. రోజు కూలి ఎంత, దాంతో ఎన్ని రొట్టెలు వస్తాయి, మూడో తరగతి టికెట్టు ఎన్ని రోజుల కూలి, గది అద్దె ఎన్ని రోజుల కూలి, పత్రిక ధరెంత. ఈ అయిదూ మూడు కాలాలకు (5వ ఏడు, 20వ ఏడు, 40వ ఏడు) రాసుకుంటే చాలు. ధర మారిందంటే పాఠకుడికి కాలం మారిందని తెలుస్తుంది, తేదీ చెప్పనక్కర్లేదు. సైన్యం లెక్క కూడా ఇలాగే. 40 లక్షల జనాభాకు అయిదు లక్షల సైన్యం అంటే ఎనిమిది మందిలో ఒకడు. యుద్ధం పీకల మీదికి వచ్చినప్పుడు తప్ప ఏ దేశమూ అంతమందిని పోషించలేదు.

ఇప్పుడు పేర్లు. సరెన్యా, ఒమ్రా, కెబ్రా, ఒల్తానా: అన్నీ దీర్ఘంతోనే ముగుస్తున్నాయి. అయిదో కథకు వచ్చేసరికి ఏది నదో ఏది ఊరో ఎవరికీ గుర్తుండదు. ఒక కట్టుబాటు పెట్టుకోండి. నదులకూ దేశాలకూ దీర్ఘం ఉంచేయండి, ఊళ్లు ఇకారంతో ముగియనివ్వండి: లిసబి, మొరెని. అప్పుడు 'మొరెనికి', 'మొరెనిలో' అని విభక్తి కూడా సాఫీగా అతుక్కుంటుంది. పొల్లుతో ముగిసే పేర్లు తగ్గించండి. 'కోర్వెన్‌కి' అని ఒక పేజీలో, 'కోర్వెనుకు' అని ఇంకో పేజీలో పడుతుంది, ప్రూఫులు దిద్దేవాళ్ల ప్రాణం పోతుంది. ముఖ్య పాత్రల పేర్లలో ఏ రెండూ ఒకే అక్షరంతో మొదలవకూడదు.

తెలుగులో రాస్తున్నాం కాబట్టి దీనికన్నా పెద్ద చిక్కు భాషే. సరెన్యాలో భగీరథుడు లేడు, లంక లేదు. కానీ "భగీరథ ప్రయత్నం", "లంకంత ఇల్లు", "శ్రీకారం చుట్టాడు", "గంగపాలైంది" అన్నవి చేయి తిరిగినకొద్దీ వాటంతటవే పడిపోతాయి. ఫైలు మొత్తం వెతికి తీసేయండి. వాటి చోట వాళ్లకంటూ ఒక నాలుగైదు నానుళ్లు ఉప్పు గని నుంచీ కనుమ నుంచీ పుట్టించండి, అంతకన్నా వద్దు. పేర్ల నుంచి వచ్చిన మాటలూ చూసుకోండి. సమ్మె కథలో "బాయ్‌కాట్" అంటే 1880లో ఐర్లండులో ఆ పేరుగల ఎస్టేటు అధికారి ఉన్న లోకం అన్నమాట. "డీజిల్" అంటే రుడాల్ఫ్ డీజిల్ పుట్టిన లోకం. మీ దేశం మన భూమ్మీదే ఉంటే ఫరవాలేదు. లేదంటే "వెలివేత", "నూనె ఇంజను" అనుకోవాలి. ఏదో ఒకటి ముందే తేల్చుకోండి, కథకో రకంగా వద్దు.

యాస కూడా అంతే. గని కార్మికుడి చేత మన ఒకానొక జిల్లా యాస పలికిస్తే పాఠకుడు ఆ జిల్లాకు వెళ్లిపోతాడు, సరెన్యాలో ఉండడు. తేడా చూపించడానికి యాసకన్నా వాక్యం పొడవు, మన్ననలు పనికొస్తాయి. ఎవరు ఎవర్ని 'నువ్వు' అంటారు, ఎవర్ని 'మీరు' అంటారు అన్నది మరో పట్టిక. పింఛను గుమస్తా ఆమెను 'నువ్వు' అంటాడు, ఆమె 'అయ్యా' అంటుంది. పదిహేడేళ్ల తర్వాత పదో కథలో అదే ఆఫీసులో అందరికీ 'మీరు' అని వినబడితే దేశంలో ఏం మారిందో వేరే చెప్పక్కర్లేదు. 'బావ', 'వదిన' లాంటి వరసలు వాడితే మన పెళ్లి సంబంధాల పద్ధతంతా వెంట వస్తుంది. పేరుతోనో చేసే పనితోనో పిలిపించండి.

కనుమదారి:

పొల్లు గారి పట్టికలు మంచివే, ఒక జాగ్రత్తతో. అన్నీ సరిచూసి సమానం చేస్తూ పోతే దేశం ప్రభుత్వ గెజిట్‌లా తయారవుతుంది. మనుషులు తప్పుగా గుర్తుపెట్టుకుంటారు, ప్రభుత్వాలు తప్పులు చెబుతాయి. కాబట్టి పట్టికలో ఇంకో గడి పెట్టండి: "తేడా ఎవరిది?" వంతెన కూలినప్పుడు పోయినవాళ్లు 34 మంది అని మీకు తెలుసు. పింఛను ఆఫీసు జాబితాలో 19 పేర్లుంటాయి. రేడియో చదివినది 11. ఎనిమిదో కథలో ఆయన మైకు ముందు కూర్చుని, ఆ పాత ప్రమాదాన్ని గుర్తుచేసే వార్తలో "పదకొండు" అన్న మాట దగ్గర నీళ్లు తాగి మళ్లీ చదివాడంటే, ఆరో కథ చదివినవాడికి ఆ గుక్కెడు నీళ్లే సరిపోతాయి. ఇది రచయిత తప్పు కాదు, దేశం అబద్ధం. అయితే ఉద్దేశించి పెట్టిన తేడా కనీసం రెండుసార్లు కనబడాలి. ఒక్కసారే వస్తే అచ్చుతప్పు అనుకుంటారు.

పటం విషయం. మీ బల్ల మీద తప్పకుండా ఉండాలి, పుస్తకంలో వద్దు. పటం అచ్చువేస్తే పాఠకుడు ప్రతి ప్రయాణాన్నీ అక్కడ వెతుకుతాడు. పైగా తొమ్మిదో కథలో సర్వేయర్లు కొలిచేదే సరిహద్దు. ముందే గీత గీసి చూపిస్తే ఆ కథలో వాదనకు చోటేదీ? మీ బల్ల మీది పటంలో మాత్రం రెండు చూసుకోండి. నదులు సముద్రం వైపు పోతూ కలుస్తాయి, డెల్టా దగ్గర తప్ప సాధారణంగా చీలవు. సముద్రపు గాలి కొండలకు తగిలే వైపున వాన పడుతుంది, అవతలి వైపు పొడిగా ఉంటుంది. మీకు సముద్రం దక్షిణాన, కొండలు ఉత్తరాన. అంటే కనుమ దాటితే పచ్చదనం తగ్గాలి. మొదటి కథలో కనుమ అవతల తోటలు ఉంటే తీసేయండి.

పదకోశం అసలే వద్దు. కల్పిత పదాలు పుస్తకం మొత్తానికి ఆరో ఎనిమిదో ఉంచుకోండి, మొదటిసారి వచ్చినచోటే పనిలో చూపించండి. రెండోసారి వచ్చినప్పుడు కూడా పాఠకుడు తడుముకుంటే మొదటి వాక్యం సరిగా రాయలేదని అర్థం. తెలుగులో ఉన్నదానికి కొత్త పేరు పెట్టడం అన్నిటికన్నా విసుగు. గుర్రాన్ని గుర్రం అనండి.

ఇంకొకటి. సరెన్యా చదువుతుంటే "ఓహో, ఇది ఫలానా దేశమే" అని తెలిసిపోతోందా? తెలిసిపోతే పాఠకుడు పొడుపుకథ విప్పుతూ కూర్చుంటాడు, మనుషుల్ని పట్టించుకోడు. మీరు మనసులో పెట్టుకున్న అసలు దేశానికి లేని సమస్య ఒకటి సరెన్యాకు ఇవ్వండి. ఉప్పు గని కథ తేలిపోతుందన్నారు కదా, బహుశా దాని పని ఇదే. దేశం ఆదాయంలో మూడో వంతు ఆ ఒక్క గని నుంచే వస్తుందనుకోండి. సమ్మె ఎందుకు అణిచేశారు, వంతెన ఆ చోటే ఎందుకు కట్టారు, సరిహద్దు ఎందుకు మళ్లీ కొలుస్తున్నారు అన్నవాటికి కారణం దొరుకుతుంది.

తెల్లకాగితం:

అందరికీ ధన్యవాదాలు. వెతికితే "శ్రీకారం" రెండుచోట్ల, "బాయ్‌కాట్" ఒకచోట దొరికాయి. గని సంగతి బాగా పనికొచ్చేలా ఉంది. రెండు సందేహాలు మిగిలాయి. ఈ కథల్లో కొన్ని పత్రికల కోసం విడిగా రాసినవి, అందుకని ప్రతి కథలోనూ దేశం పరిచయం ఉంది. ఆరో కథ ఇలా మొదలవుతుంది:

"ఒమ్రా నదికి ఉత్తరాన ఉన్న తొరేలా ప్రాంతాన్ని గణతంత్ర సైన్యం పన్నెండేళ్ల క్రితం పూర్తిగా తన అధీనంలోకి తెచ్చుకుంది. అప్పటి నుంచి ఊళ్ల పాత పేర్లు వాడడం, పాత భాషలో మాట్లాడడం నేరం. ఆ ప్రాంతం నుంచి వచ్చిన ఆమె ఒల్తానాలోని పింఛను ఆఫీసు ముందు నిలబడింది."

ఇది తీసేస్తే విడిగా చదివేవాడికి అర్థం కాదేమోనని భయం. రెండోది, వరుస.

చిత్తుప్రతి:

పత్రికకు పంపిన ప్రతి వేరు, పుస్తకంలోది వేరు. రెండు ఫైళ్లు పెట్టుకోండి. పుస్తకం ఫైల్లో, ఇంతకుముందు ఏ కథలోనైనా వచ్చిన సమాచారాన్ని మళ్లీ చెప్పే వాక్యాలన్నిటికీ ఒకే రంగు పూయండి. కథకు రెండు మూడు వందల పదాలైనా రంగు పడతాయి. వాటిలో ఎక్కువ భాగం తీసేయొచ్చు. మిగిలినవాటిని ఎవరో ఒకరు పని చేస్తున్న చోటికి మార్చాలి. మీ పేరానే చూడండి:

"గుమస్తా దరఖాస్తు వెనక్కి తోశాడు. 'ఊరి పేరు మళ్లీ రాయి.' ఆమె కొట్టేసి, కింద రాసింది. రాస్తున్నంతసేపూ పెదాలు కదిలాయి. పెదాల మీద ఉన్నది పాత పేరే."

చట్టం, నేరం, సైన్యం ఏదీ చెప్పలేదు. విడిగా చదివినా ఊరి పేరు మార్చారనీ, ఆమె ఒప్పుకోలేదనీ తెలుస్తుంది. అంతకన్నా ఆ పేజీలో అవసరం లేదు.

ఆ పెదాలు ఊరికే పెట్టలేదు. మీ మూడో కథ 12వ ఏట బడిలో జరుగుతుంది. 24వ ఏట ఆమెకు 21 అనుకుంటే బడి నాటికి తొమ్మిదేళ్లు. పంతులమ్మ క్లాసులో, రాసేటప్పుడు పెదాలు కదిపే పిల్ల ఒకతె ఉండనివ్వండి. పేరు చెప్పొద్దు. పంతులమ్మకు అది చెడ్డ అలవాటు, మాన్పించాలని చూస్తుంది. పాఠకుడే పోల్చుకుంటాడు. అలవాటుతో వేసిన ముడి పేరుతో వేసినదానికన్నా గట్టిది, ఎందుకంటే దాన్ని పాఠకుడే వేసుకుంటాడు.

అందుకని వరుస ఇలా ఉంటే బాగుంటుందనుకుంటాను: 1, 6, 3, 2, 5, 4, 8, 7, 9, 10.

కారణాలు చెబుతాను. మొదటి కథ నుంచి ఒకేసారి ఇరవై ఒక్క ఏళ్లు దూకితే ఈ పుస్తకం తిన్నగా నడవదని పాఠకుడు రెండో కథకే సిద్ధపడతాడు. మూడో స్థానంలో బడి కథ వస్తుంది, మొదటి ముడి అక్కడ పడుతుంది. మూడో కథ దాటాక కూడా ముడి కనబడకపోతే పాఠకుడు దీన్ని సంపుటిగా చదవడం మొదలుపెడతాడు, ఆ తర్వాత ఎంత చేసినా వెనక్కి రాడు. నాలుగో స్థానంలో వంతెన. నేను ముందు రాసినప్పుడు కాలక్రమంలో చూశాను, అలాగైతే ఆఫీసు కథలో కోపం వస్తుంది. ఇలా తిప్పితే వంతెన కథలో గుబులు వస్తుంది. మేస్త్రీ 6 మీటర్ల దగ్గర పార పక్కన పెట్టేసరికి ఎవరు పోతారో మనకు తెలుసు. పునాది తవ్వకం విడిగా చూస్తే పెద్దగా ఏమీ జరగని కథ, దానికే ఈ సాయం ఎక్కువ అవసరం. ఆరో కథకు దాని గొడవ దానికుంది, ఎక్కడైనా నిలబడుతుంది. జైలును సమ్మెకు ముందు పెడితే మొదట పొగరుబోతు ఖైదీని చూస్తాం, తర్వాత అతను ఎందుకలా ఉన్నాడో తెలుస్తుంది.

ఇది ఒక వరుస, ఇదొక్కటే కాదు. కథకో అట్టముక్క చేసి దాని మీద సంవత్సరం, చోటు, ఎవరి కంటితో, పొడవు, ముగింపు తీరు రాసి నేల మీద పరిచి చూడండి. చావుతో ముగిసేవి రెండు వరుసగా రాకూడదు. 'నేను' అని చెప్పేవి రెండు పక్కపక్కన రాకూడదు. పొడవులు కూడా చూడండి. పదీ 5,800 పదాల చుట్టూ ఉంటే నాలుగో కథకే ఊపిరి పట్టుబడిపోతుంది. రేడియో కథను 1,500కు కుదించండి, గని కథను 10,000కు పెంచండి.

కథ జరిగిన సంవత్సరం ఎక్కడ వేయాలన్నది కూడా తేల్చుకోవాలి. అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1976లో తెచ్చిన 'ఆర్సీనియన్ టేల్స్' చూడండి. అదీ కల్పిత దేశమే, పదకొండు కథలు, కాలక్రమం లేదు. ప్రతి కథ చివర సంవత్సరం ఉంటుంది. చదివాక గానీ ఎప్పటిదో తెలియదు, తెలిశాక వెనక్కి తిరిగి లెక్క వేసుకుంటాం. ఆ దేశం మధ్య యూరప్‌లో ఉంటుంది కాబట్టి అక్కడ 1938 అని కనబడగానే పాఠకుడికి చాలా తెలిసిపోతుంది. మీ "24వ ఏడు"కు ఆ బలం లేదు. అందుకని మీరు మొదట్లో వేయండి, కనీసం మొదటి నాలుగు కథలకైనా.

కనుమదారి:

వరుస బాగుంది. పదో కథ గురించి ఒక మాట. పాత్రలందర్నీ ఒక పెళ్లికో అంత్యక్రియలకో పిలిచి కూర్చోబెట్టాలన్న ఆశ ఇలాంటి పుస్తకాల చివర తప్పక పుడుతుంది. అలా చేస్తే దేశం ఒక హాల్లో సరిపోతుంది. తిరిగొచ్చినవాడికి వీళ్లెవరూ తెలియనక్కర్లేదు. అతను రైల్లో ఒమ్రా దాటాలి, కొత్త వంతెన మీద. పక్కన పాత స్తంభాలు నీళ్లలోంచి కనబడతాయి. అతను వాటిని చూసి, నది ఎండిందా అని పక్కవాణ్ణి అడిగితే చాలు.

పొల్లు:

అచ్చుకు ఇచ్చే ముందు ఇంకో పని మిగిలి ఉంటుంది. పత్రికల్లో వచ్చిన కథలకు మీరు ఏ హక్కులు ఇచ్చారో చూసుకోండి. మొదటి ప్రచురణ హక్కు మాత్రమే ఇచ్చి ఉంటే పుస్తకంలో వేసుకోవచ్చు, ఏ కథ ఎక్కడ మొదట వచ్చిందో ఒక పేజీలో రాస్తే సరిపోతుంది. అంతకు మించి ఇచ్చి ఉంటే రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. కథల పేర్లు, ఊళ్ల పేర్లు మారుస్తున్నారు కాబట్టి ఆ పేజీలో పాత పేర్లే ఉండాలి.

గుమస్తా సంగతి తేల్చుకున్నారా? వరుసలో నిలబెట్టేటట్టయితే కిటికీ లోపలున్న కొత్త కుర్రాడి వయసు కూడా పట్టికలో వేసేయండి.